నిలబడ్డ బస్సు వేగం

2019 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని ఒక చిన్న దుకాణంలో, నాకంటే పదేళ్లు పెద్దాయన్ని పట్టుకుని "మోసం" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. మూడు రోజుల కిందట ఆయన దగ్గరే కొన్న పాత లాప్‌టాప్‌ను కౌంటరు మీద తెరిచి పెట్టాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, వాటిలో ఒక వరుస మీద నా చూపుడు వేలు. ఆ వేలి కింద ఉన్న సంఖ్య 598 చిల్లర. పేరు చివర 2.30 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్న ప్రాసెసర్, అంటే సెకనుకు 230 కోట్ల స్పందనాలు కొట్టాల్సింది, 60 కోట్లు కూడా కొట్టడం లేదని ఆ వరుస చెప్తోంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "సార్, ఖాళీగ ఉంటే గట్లనే చూపిస్తది. ఏదన్న పని జెప్పి చూడుండ్రి, లేస్తది" అన్నాడు.

ఆ ఒక్క వాక్యంలో మొత్తం సమాధానం ఉంది. నాకు వినబడలేదు. అమ్మేవాడు ఏదో ఒకటి చెప్తాడులే అనుకున్నాను.

నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లయింది. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకు చెప్పే మొదటి పాఠం కొలతలది. స్క్రూగేజి చేతికిచ్చి, వస్తువు పెట్టకముందే దవడలు దగ్గరికి తెచ్చి సున్నా ఎక్కడుందో చూడమంటాను. శూన్యాంశ దోషం చూడకుండా తీగ మందం రాసిన రికార్డు మీద సంతకం పెట్టను. థర్మామీటరును కాసిని నీళ్లలో ముంచితే అది ఆ నీళ్ల వేడిని కొంత తానే తాగేస్తుందని, కాబట్టి అది చూపేది నువ్వు ముంచకముందున్న ఉష్ణోగ్రత కాదని చెప్తాను. ఇన్ని చెప్పేవాణ్ణి, ఒక ఫైలులో కనిపించిన అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడగకుండా నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు బస్సెక్కి ఒక మనిషిని అవమానించడానికి వెళ్లాను. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది ఇదే. కంప్యూటరు సంగతి తెలియకపోవడం తప్పు కాదు. కొలత సంగతి తెలిసీ మరిచిపోవడం తప్పు.

ఎలా జరిగిందో వరసగా చెప్తాను.

ఆ ఏడు మా అమ్మాయికి ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. కొత్త లాప్‌టాప్ కొనే వెసులుబాటు వెంటనే లేదు. ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన యంత్రాలను శుభ్రం చేసి పార్క్‌లేన్‌లో అమ్ముతారని తోటి లెక్చరర్ చెప్పాడు. వెళ్లి 19 వేలకు ఒకటి తెచ్చుకున్నాం. అందులో ఉన్నది ఇంటెల్ ఐ5-5300యూ, 2015 నాటి చిప్. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. కాలేజీలో సీనియర్లు లినక్స్ ఉండాలన్నారట, ఉబుంటు ఎక్కించాం. ఆ రాత్రి అమ్మాయి పడుకున్నాక నేనొక్కణ్ణే కూర్చుని, టెర్మినల్ తెరిచి, క్యాట్ కమాండ్‌తో ప్రాక్ కింద ఉండే సీపీయూఇన్ఫో ఫైలును చదివాను. మోడల్ పేరున్న వరుసలో 2.30 గిగాహెర్ట్జ్ అని ఉంది. మూడు వరుసల కింద సీపీయూ మెగాహెర్ట్జ్ అన్నచోట 598 అని ఉంది. నాలుగు థ్రెడ్లకూ నాలుగుసార్లు అదే కథ. ఒకచోట 598, ఒకచోట 640, ఇంకోచోట 500.

నా అనుమానానికి ఒక పాత వేరు కూడా ఉంది. తొంభైల చివర్లో నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, తక్కువ వేగపు పెంటియం చిప్పుల మీది రాతలు గీకేసి, ఎక్కువ వేగం అచ్చు వేసి అమ్ముతున్నారని చెప్పుకునేవాళ్లు. అలాంటి దొంగ చిప్పులు అప్పట్లో చాలా దేశాల్లో నిజంగానే తిరిగాయి. మదర్‌బోర్డు మీది జంపర్లు మార్చి చిప్‌ను దాని శక్తికి మించి పరుగెత్తించడం అప్పుడు సాధ్యమయ్యేది. తర్వాత తయారీదార్లు ఆ వేగాన్ని నిర్ణయించే గుణకాన్ని చిప్‌లోనే బిగించేశారు. నా బుర్రలో మాత్రం 1998 అలాగే ఉండిపోయింది. సంఖ్య తక్కువ కనబడగానే ఎవరో గీకి ఉంటారు అనుకున్నాను. మరో ఆలోచన రాలేదు.

దుకాణంలో మాతోపాటు ఒక కుటుంబం ఉంది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. వాళ్లూ మాలాగే పాత లాప్‌టాప్ చూస్తున్నారు, బేరం దాదాపు కుదిరింది. నేను మూడోసారి ఆ మాట అనగానే తల్లి పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడిచింది. తండ్రి ఒక్క క్షణం ఆగి, నన్నూ ఆ పెద్దాయన్నీ మార్చి మార్చి చూసి, వెళ్లిపోయాడు. మా అమ్మాయి నా చొక్కా అంచు లాగుతూ "నాన్నా, పోదాం పా" అంటోంది. ఆయన గల్లాపెట్టె తెరిచి 19 వేలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. ఒక్క రూపాయి పట్టుకోలేదు. నేను తీసుకున్నాను. తిరిగివచ్చే బస్సులో నాకు న్యాయం జరిగిందనే అనుకున్నాను. పక్క సీట్లో అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ చౌటుప్పల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఎంప్లాయీస్ సొసైటీలో అప్పు తీసుకుని సెప్టెంబరులో 46 వేలకు కొత్త లాప్‌టాప్ కొన్నాను. సీలు మేమే కోశాం. లోపల ఐ5-8250యూ, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, పేరులో 1.60 గిగాహెర్ట్జ్. మళ్లీ ఉబుంటు ఎక్కించాం. ఈసారి ఆ ఫైలు అమ్మాయే తెరిచింది. ఎనిమిది వరుసల్లోనూ ఏడు వందలు, ఎనిమిది వందలు. ఇద్దరం కాసేపు తెర వైపే చూశాం.

"అయితే ఆ అంకుల్ నిజమే చెప్పిండు కదా నాన్నా" అంది.

నేను సమాధానం చెప్పలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి నుంచి, ఖాళీ దొరికినప్పుడల్లా, నేను ఏం చదివానో తెలుసుకోవడం మొదలుపెట్టాను. రెండు నెలలు పట్టింది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ గొడవ లేదు. ఒక స్ఫటికం, దాన్నుంచి వచ్చే 4.77 మెగాహెర్ట్జ్, అంతే. యంత్రం ఆన్‌లో ఉన్నంతసేపు అదే లయ. నా మనసులో ఉన్న గడియారం ఆ కాలపుది. ఇప్పటి ప్రాసెసర్లో అడుగున దాదాపు 100 మెగాహెర్ట్జ్ లయ ఒకటి ఉంటుంది. దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తే కోరు వేగం వస్తుంది. ఆ గుణకం స్థిరం కాదు, క్షణక్షణం మారుతుంది. నేను తిరిగిచ్చేసిన ఆ పాత చిప్‌లో అది 5 నుంచి 29 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 500 మెగాహెర్ట్జ్ నుంచి 2900 దాకా. పేరులోని 2300 ఆ రెంటి మధ్యలో, దీర్ఘకాలం హామీగా ఇచ్చే ఒక మెట్టు మాత్రమే. నేను చూసిన 598 ఆరో మెట్టు. ఆరు ఇంటూ వంద కంటే కాస్త తక్కువ. లెక్క సరిగ్గా సరిపోయింది. చిప్ ఎవరూ గీకలేదు. అది పని లేక ఆరో మెట్టు మీద కూర్చుంది.

ఎందుకు దిగాలి అన్నది నేను ఏటా చెప్పే పాఠమే. ప్రాసెసర్ లోపల జరిగేది కోట్ల కోట్ల చిన్న చిన్న కెపాసిటర్లను నింపడం, ఖాళీ చేయడం. ఒక్కోసారికి అయ్యే శక్తి వోల్టేజి వర్గాన్నిబట్టి ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు నింపుతామన్నది పౌనఃపున్యం. వేగం తగ్గిస్తే వోల్టేజి కూడా తగ్గించొచ్చు, వోల్టేజి తగ్గితే ఖర్చు వర్గంలో తగ్గుతుంది. బ్యాటరీ మీద బతికే యంత్రం పని లేనప్పుడు దిగి కూర్చోవడం దాని గుణం. కెపాసిటర్ సూత్రాన్ని బోర్డు మీద కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. అది నా ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌లోనే పని చేస్తోందని తోచలేదు.

అక్కడితో నా తప్పులు ఆగలేదు. రెండోది ఇంకా లోతైనది, ఎందుకంటే అది కొంత చదువుకున్నాక చేసింది.

ఫైళ్లను నమ్మను, నేనే కొలుస్తాను అనుకున్నాను. 1993 నాటి పెంటియం నుంచి ఇంటెల్ చిప్పుల్లో టైమ్ స్టాంప్ కౌంటర్ అనే లెక్కపెట్టె ఉంటుంది. ఆర్‌డీటీఎస్‌సీ అనే ఆదేశంతో దాన్ని చదవొచ్చు. సీ భాషలో పది వరుసల ప్రోగ్రాం రాసుకున్నాను. కౌంటర్ చదువు, ఒక సెకను ఆగు, మళ్లీ చదువు, తేడా చూడు. ఫలితం 1800 మెగాహెర్ట్జ్. మళ్లీ చేశాను, 1800. వీడియో నడిపిస్తూ చేశాను, 1800. దుప్పటి మీద పెట్టి వేడెక్కించి చేశాను, 1800. ఇరవై రీడింగులు తీసి నోటుపుస్తకంలో పట్టిక వేసి, కింద గీత గీసి, అసలు వేగం దొరికిందని రాసుకున్నాను. పేరులో 1.6 ఉంటే 1.8 ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను పక్కన పెట్టేశాను. ఎక్కువే వచ్చింది కదా అన్న సంతోషం ఒకటి.

పది రీడింగులు ఒకేలా రావడం వేరు, అవి నిజం కావడం వేరు అని పిల్లల చేత వల్లె వేయిస్తాను. ఇక్కడ ఆ తేడా నన్నే దొరకబుచ్చుకుంది. పాత రోజుల్లో ఆ కౌంటర్ కోరుతోపాటే పరుగెత్తేది, కోరు నెమ్మదిస్తే నెమ్మదించేది. దాన్ని గడియారంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌ల కాలం లెక్కలు అందువల్ల తప్పేవి. అందుకని తర్వాతి చిప్పుల్లో దాన్ని కోరు నుంచి విడదీసి, ఎప్పుడూ ఒకే వేగంతో నడిచేలా చేశారు. ఆ సంగతి నేను మొదటి రాత్రి చదివిన సీపీయూఇన్ఫోలోనే, ఫ్లాగ్స్ అనే పొడుగాటి వరుసలో, కాన్‌స్టంట్ టీఎస్‌సీ, నాన్‌స్టాప్ టీఎస్‌సీ అన్న రెండు మాటలుగా రాసి ఉంది. అంటే నేను రోగి నాడి చూశాననుకుని గోడ గడియారం చూశాను. రోగి పడుకున్నా, పరుగెత్తినా గోడ గడియారం ఒకేలా కొడుతుంది. 1.8కి కూడా మూలం దొరికింది. ఈ చిప్‌కు 15 వాట్ల దగ్గర 1.6 గిగాహెర్ట్జ్, తయారీదారు 25 వాట్ల దాకా అనుమతిస్తే 1.8 అని ఇంటెల్ రెండు మెట్లు ఇచ్చింది. ఆ కౌంటర్ పై మెట్టు వేగంతో నడుస్తోంది. అదే ఫైలులో 3600 అని కనబడే బోగోమిప్స్ కూడా దీనికి రెట్టింపు తప్ప మరేం కాదు. లినస్ టోర్వాల్డ్స్ దానికి ఆ పేరు పెట్టినప్పుడే అందులో బోగస్ అన్న మాటను ఇమిడ్చి, నమ్మొద్దని చెప్పేశాడు.

ఆ మెగాహెర్ట్జ్ వరుసలో అసలు ఏం చూపించాలన్నది లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లకే ఒక దశలో తేలలేదని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది. 2017లో వచ్చిన 4.13 కూర్పులో, అప్పటిదాకా మారుతూ ఉండిన ఆ సంఖ్యను స్థిరంగా, చిప్ మూల వేగమే కనిపించేలా మార్చారు. వాడేవాళ్లు గోలపెట్టారు. కొద్ది నెలల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, ఆ తర్వాతి కూర్పుల్లో నిజంగా కొలిచిన వేగం చూపించే ఏర్పాటు చేశారు. నేను ఆ రాత్రి వాడింది ఈ కొత్త ఏర్పాటు ఉన్న కెర్నెల్. అంటే అది నాకు అబద్ధం చెప్పలేదు. ఏం చేస్తున్నావని అడిగితే, ఏం చేయడం లేదని నిజాయితీగా చెప్పింది.

నిజమైన పరికరం పేరు టర్బోస్టాట్. లెన్ బ్రౌన్ రాసినది, లినక్స్ కెర్నెల్ మూలంలోనే భాగంగా వస్తుంది. రూట్ అధికారం ఉంటే గాని నడవదు, ఎందుకంటే అది చిప్ లోపలి రిజిస్టర్లను నేరుగా చదువుతుంది. ఆ రిజిస్టర్లలో రెండు కౌంటర్లున్నాయి, ఎంపెర్ఫ్ ఒకటి, ఏపెర్ఫ్ ఒకటి. కోరు మేలుకుని ఉన్నప్పుడే రెండూ నడుస్తాయి, నిద్రపోతే రెండూ ఆగుతాయి. మొదటిది తెలిసిన స్థిర వేగంతో నడుస్తుంది, రెండోది కోరు నిజంగా కొట్టిన స్పందనాలను లెక్కపెడుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగించి, తెలిసిన వేగంతో హెచ్చవేస్తే నిజం వస్తుంది. ఇది చదివినప్పుడు నా కళ్ల ముందు మా ల్యాబ్‌లోని సోనోమీటరు మెదిలింది. పౌనఃపున్యం తెలిసిన శృతిదండాన్ని పక్కన పెట్టుకుని తెలియని తీగను దానితో పోల్చడం. మేం ఏటా చేయించే ప్రయోగమే.

టర్బోస్టాట్ తెర మీద నాకు ముఖ్యమైన గడులు మూడు. బిజీ శాతం, కోరు ఎంతసేపు మేలుకుని ఉందో చెప్తుంది. బిజీ మెగాహెర్ట్జ్, మేలుకున్నంతసేపూ ఎంత వేగంతో నడిచిందో చెప్తుంది. యావరేజ్ మెగాహెర్ట్జ్, నిద్రనూ కలుపుకుని సగటు చెప్తుంది. మా లాప్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు ఒక కోరు 2 శాతం మేలుకుని, ఆ కాస్తసేపూ 1400తో నడిచింది, సగటు 28 అని వచ్చింది. ఇరవై ఎనిమిది మెగాహెర్ట్జ్! పార్క్‌లేన్‌లో 598 చూసి కేకలు వేసినవాణ్ణి, ఈ సంఖ్య చూస్తే ఏం చేసేవాణ్ణో. నల్లగొండ బస్సు హైదరాబాద్ చేరడానికి మూడు గంటలు పడుతుంది. చిట్యాలలో టీకి ఆగుతుంది, చౌటుప్పల్‌లో మనుషుల్ని ఎక్కించుకుంటుంది. దారి మొత్తం సగటు ముప్పై చిల్లర. కదిలినప్పటి వేగం అరవై. రెండూ నిజమే. నేను మాత్రం చిట్యాలలో టీకి ఆగిన బస్సు పక్కన నిలబడి, ఇది కదలడం లేదు, ఇంజను దొంగది అని డ్రైవరు చొక్కా పట్టుకున్నాను.

తర్వాత పని చెప్పి చూశాను. ఎనిమిది టెర్మినళ్లలో యెస్ అనే చిన్న కమాండ్‌ను డెవ్ నల్‌లోకి వదిలాను. అన్ని కోర్ల బిజీ శాతం వందకు చేరింది. వేగం 3 గిగాహెర్ట్జ్ దాటింది. ఈ చిప్ పై మెట్టు 3.4. ఫ్యాను గోలపెట్టింది. అర నిమిషం గడిచాక వేగం మెల్లగా దిగి 2.2 చుట్టూ నిలబడింది. పక్క గడిలో వాట్లు 15 దగ్గర స్థిరపడ్డాయి. యంత్రం కాసేపు ఊపిరి బిగబట్టి పరుగెత్తి, తర్వాత తాను మోయగలిగినంత వేగానికి వచ్చింది. దీని అసలు వేగం ఎంత అని నేను వేసిన ప్రశ్నే తప్పు. ఏ పనికి, ఏ వేడిలో, ఎంతసేపటికి అన్నవి కలిపితేనే అది ప్రశ్న అవుతుంది.

ఇంత జరిగాక కూడా ఒకసారి నా చేత్తో నేను కొలవాలనిపించింది. లోలకం ప్రయోగంలో ఒక్క డోలనాన్ని కొలవం, ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచి భాగిస్తాం. అదే పద్ధతి. కోరు ఒక పూర్ణాంకానికి ఇంకోదాన్ని కూడడానికి ఒక స్పందనం పడుతుంది. ప్రతి కూడిక దాని ముందరి కూడిక ఫలితం కోసం ఆగేలా రాస్తే, అవి ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి, పక్కపక్కన జరిగే వీలుండదు. అలా వంద కోట్ల కూడికలు చేయించి, పట్టిన కాలాన్ని కొలిస్తే వేగం తెలుస్తుంది. మొదటిసారి సున్నా సెకన్లు వచ్చింది. ఆ ఫలితంతో ఎవరికీ పని లేదని కంపైలర్ గుర్తించి, లూపు మొత్తాన్ని తీసేసింది. కూడిక అసెంబ్లీలో రాస్తే కుదిరింది. 0.3 సెకన్లు. వంద కోట్లను 0.3తో భాగిస్తే 330 కోట్ల చిల్లర, అంటే 3.3 గిగాహెర్ట్జ్. అదే సమయంలో పక్క తెరలో టర్బోస్టాట్ చూపిన సంఖ్య కూడా దాని పక్కనే ఉంది. రెండు వేరు వేరు దారుల్లో వెళ్లి ఒకేచోటికి చేరినప్పుడు కలిగే ఆనందం నేను పిల్లల ముఖాల్లో చూసేవాణ్ణి, చాలా ఏళ్ల తర్వాత నాకు కలిగింది. ఆ ఆనందం ఒక నిమిషం కూడా నిలవలేదు. పార్క్‌లేన్ పెద్దాయన ముఖం గుర్తొచ్చింది.

అప్పటికి నవంబరు. మరుసటి ఆదివారమే వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. డిసెంబరులో పేపర్లు దిద్దాలి అనుకున్నాను. జనవరిలో సంక్రాంతి అనుకున్నాను. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వార్త విన్నప్పుడు, ఇక వెళ్లే వీలే లేదు కదా అని నాలో ఏదో తేలికపడింది. నేను ఒప్పుకోవలసినవాటిలో ఇది మొదటిదాని కంటే చిన్నది కాదు. తెలియక అన్న మాటకు మూడు రోజులు పట్టింది. తెలిశాక వెనక్కి తీసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

2021 అక్టోబరులో వెళ్లాను. ఒక్కణ్ణే. దుకాణం అక్కడే ఉంది, సగం చిన్నదైంది, మిగతా సగంలో ఎవరో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పెద్దాయన నన్ను గుర్తుపట్టలేదు. 19 వేలు, నల్లగొండ, మా అమ్మాయి అని చెప్పాక తలెత్తి నిదానంగా చూశాడు.

"ఆ లాప్‌టాపు మంచిదే సార్" అన్నాడు. "తెల్లారే ఒక పిలగానికి అమ్మిన. ఇంకా నడుస్తుంది."

"మీరు చెప్పింది నిజం. నాది తప్పు" అన్నాను. దారంతా కూర్చుకున్న మిగతా మాటలు నోటికి రాలేదు.

ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "ఆ దినం బయటికి పోయినోళ్లు మళ్ల రాలే సార్" అన్నాడు. కోపంగా అనలేదు. జరిగింది చెప్పాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

కౌంటరు వెనకాల ఒక కుర్రాడు ఒక లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాడు. ఎవరో కొన్నవాళ్లు చాలా మెల్లగా ఉందని తిరిగి తెచ్చారట. నేను అడిగి, నా పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో దాన్ని లేపి, నెట్టు ఇప్పించుకుని టర్బోస్టాట్ ఎక్కించాను. నాలుగు కోర్లకూ పని చెప్పాను. బిజీ శాతం వంద. వేగం 800 దాటడం లేదు. ఈసారి ఇది ఖాళీగా లేదు, పని చేస్తూనే 800. వేడి వల్లేమో అన్నాడు కుర్రాడు. ఉష్ణోగ్రత గడి చూశాను, 48 డిగ్రీలే. నాకు అంతకంటే తోచలేదు.

పెద్దాయన మా ఇద్దరి వెనక నిలబడి చూస్తున్నాడు. తెర వైపు కాదు, తీగ వైపు చూస్తున్నాడు. "చార్జర్ దీనిది కాదు" అన్నాడు. డ్రాయర్లోంచి ఇంకో చార్జర్ తీసి, పాతది పీకి, ఇది గుచ్చాడు. తెర మీద తర్వాతి వరుస పడింది, 2600. దాని కింద ఇంకోటి, 2700. కొన్ని లాప్‌టాపులు తమకు తెలియని చార్జర్ తగిలిస్తే, అది ఎంత కరెంటు ఇవ్వగలదో తెలియక, ప్రాసెసర్‌ను అట్టడుగు మెట్టు దగ్గరే ఆపేస్తాయి. ఆ సంగతి నేను ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆయనకు ఎప్పటినుంచో తెలుసు.

కుర్రాడు ఆ కమాండ్ చెప్పమన్నాడు. బిల్లు బుక్కు వెనక అట్ట మీద తెలుగులోనే రాసుకున్నాడు. నేను లేవబోతుంటే పెద్దాయన టీ చెప్పించాడు. గ్లాసు చేతికిస్తూ అడిగాడు.

"బిడ్డ ఎట్ల చదువుతుంది సార్? ఆ దినం మస్తు భయపడ్డది."

మూడో సంవత్సరం అని చెప్పాను.